ఎసరు రింగు

జూలైలోనే గోదారి లంకల్ని ముంచిన ఏడు అది. మరపడవల్లో జనాన్ని తెచ్చి రావులపాలెంలో ఓ బళ్లో దింపారు. వాళ్లలో వీరబ్రహ్మం ఒకడు. పడవ పోయింది, వల పోయింది. వాటి ఊసు ఎత్తలేదు.

"సెల్లు చచ్చిపోయిందమ్మా. కాస్త ఛార్జింగు పెట్టాలి," అన్నాడు, మందులిస్తున్న నర్సు క్రిస్టినాతో.

"కరెంటు రేపటిగ్గానీ రాదంట తాతగారు. నా ఫోన్లో మాట్లాడండి."

"మాట్లాడ్డానిక్కాదు. ఒక్క రింగిచ్చి కట్ చెయ్యాలి. నా నెంబరు నుంచే పోవాలి."

"మిస్డ్ కాలా? ఇంకా ఏం పీనాసితనమండి, ఇప్పుడు మాటలు ఫ్రీయే కదా."

వీరబ్రహ్మం మాటల మనిషి కాదు. అయినా చెప్పాడు. సెల్లులు కొత్తగా వచ్చినప్పుడు నిమిషానికింతని లాగేసేవారు. అప్పుడు అతని భార్య అచ్చాయమ్మ పెట్టిన కట్టుబాటది. పడవ రేవుకి చేరగానే ఒక్క రింగు. ఎత్తకూడదు. అది వినపడగానే ఆవిడ ఎసరు పెట్టేది. అతను వల కడుక్కుని ఇంటికెళ్లేసరికి అన్నం వార్చి ఉండేది. రింగు రాని రోజున పొయ్యి వెలిగించేది కాదు. వానైనా సరే, గుమ్మంలో నిలబడేది.

"మిస్డ్ కాలంటే అందని కాలని కదండి అర్థం," అంది క్రిస్టినా.

"అందకపోతే అన్నం ఎలా ఉడుకుద్దమ్మా?"

క్రిస్టినా నవ్వి, పులిహోర పొట్లం చేతిలో పెట్టింది. "ముందు తినండి."

"రింగివ్వకుండా ఎలా తింటాను?"

పొట్లం విప్పలేదు. కిటికీ పక్కన గోడకి ఆనుకుని, చీకటి పడేదాకా చచ్చిన సెల్లు పట్టుకుని కూర్చున్నాడు.

"పాపం, అమ్మగారు ఎంత కంగారు పడుతున్నారో," అంది క్రిస్టినా.

అతను సెల్లుని చొక్కా అంచుతో తుడిచాడు.

మర్నాడు పొద్దున్నే కరెంటు వచ్చింది. క్రిస్టినా ఛార్జరు తెచ్చిపెట్టింది. సెల్లు వెలిగింది. నెంబరు నొక్కబోతుండగా అదే మోగింది. ఒక రింగు. రెండో రింగు. ఆగలేదు. ఆ నెంబరు నుంచి ఎప్పుడూ రింగు వచ్చింది లేదు. ఎత్తకూడదన్నట్టు వీరబ్రహ్మం వేలు వెనక్కి తీశాడు. క్రిస్టినాయే బటన్ నొక్కి స్పీకరు పెట్టింది.

"నిన్న రింగు రాలేదేంటండి?" ఆడగొంతు. "టీవీలో వరద చూస్తే భయమేసింది. సాయంత్రం ఆ రింగు వస్తేగానీ నాకు ముద్ద దిగదు. బాగున్నారా?"

క్రిస్టినా మొహం విప్పారింది. "అమ్మగారేనాండి?"

వీరబ్రహ్మం సెల్లుని అరచేత్తో మూశాడు.

"కాదమ్మా, మా ఆవిడ పోయి మూడేళ్లయింది, ఆ నెంబరు కంపెనీవాళ్లు ఇప్పుడు ఎవరికిచ్చారో ఇవాళైనా అడగాలి," అని చెయ్యి తీశాడు.