బీరన్న ఒంటికి పోయిన పూట

రాయి బయటికొచ్చింది. నీళ్లే రావడం లేదు.

సూర్యాపేట దవాఖానలో బీరన్న మంచం చుట్టూ అదే మాట. మూత్రాశయంలోంచి తీసిన రాయిని సీసాలో వేసి చూపించారు గానీ, ఒంటికి పోవడానికి పెట్టిన గొట్టం తీసినప్పటి నుంచీ ఆయనకు ఒంటికి రాలేదు. పొత్తికడుపు డప్పులా బిగుసుకుంది.

"గొట్టం మళ్లీ పెడదామంటే పోవట్లేదు. పొద్దుగూకేలోపు రాకపోతే ఇంకోసారి కోయాల్సిందే," అంది నర్సు సుగుణమ్మ, మంచం మీద పింగాణీ గిన్నె పెట్టి.

"ఇంకోపారి కోస్తే నేను బతక తల్లీ," అన్నాడు బీరన్న.

పాలకీడు గొర్ల కాపరి ఆయన. రజాకార్ల గోల అణిగి తొవ్వలు తెరుచుకునేదాకా నొప్పి ఓర్చుకున్న మొండిఘటం. అయితేనేం, పుట్టి బుద్ధెరిగి నాలుగు గోడల మధ్య ఒంటికి పోయినవాడు కాదు.

పైగా భార్య భద్రమ్మ ఆ గిన్నెను చూసి, "గిండ్ల అంబలి తాగొచ్చు," అంది. ఇంక రమ్మన్నా ఎట్లా వస్తుంది?

ఒకరు కొబ్బరినీళ్లన్నారు, ఒకరు మొక్కుకోమన్నారు. వార్డంతా సలహాలే.

పొద్దున్నుంచీ గుమ్మంలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న మనిషొకడు లేచి వచ్చాడు.

"నీ గొర్లు నీళ్లు యాడ తాగుతయ్?"

"వాగు కాడ."

"లే. వాగుకే పోదాం."

సుగుణమ్మ వద్దనబోయి, ఆయన మొహం చూసి పక్కకు తప్పుకుంది.

భుజమిచ్చి పెరట్లోకి నడిపించాడు. గోడ చాటున కూర్చోబెట్టి, పక్కనే బిందెతో నీళ్లు సన్నగా ధార పోశాడు.

"కండ్లు మూసుకో. ష్... ష్..."

"గదేందే, సంటిపోరగానికి చేసినట్టు?"

"సంటోనివే అనుకో. మా అయ్యవు గదా, పొయ్యి నాయనా. ష్... ష్..."

బిందె ఖాళీ అయింది. ఇంకోటి తెచ్చాడు. ఎండ గోడ దిగిపోతోంది.

"వచ్చిందా?" కిటికీలోంచి భద్రమ్మ.

"లేదు."

"నీకు రావాలె," అన్నాడు ఆ మనిషి.

అప్పుడొక చుక్క. ఇంకో చుక్క. ఆపైన ధార.

"వచ్చింది! వచ్చింది!"

భద్రమ్మ కేకకు వార్డంతా పెళ్లివారిల్లయింది. కాలు విరిగినవాడు సైతం లేచి కూర్చున్నాడు. బీరన్న నవ్వుతూ ఏడ్చేశాడు. చూస్తే ఆ మనిషీ ఏడుస్తున్నాడు.

"నాకొస్తే నువ్వేడుస్తవేందయ్యా?" అని ఎగతాళి చేశాడు బీరన్న.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బీరన్నను మంచం మీదికి చేర్చి వెళ్లిపోయాడు.

హాయిగా కునుకు తీసి లేచాక, "మీ నౌకరును పిలువు తల్లీ, గొర్రెపిల్లనిస్త," అన్నాడు బీరన్న.

"ఆయన మా నౌకరు కాదు. నడిగూడెం మత్తయ్య. ఇందాకే బండెక్కి పోయాడు," అంది సుగుణమ్మ.

"మరి ఎవరి కోసం వచ్చిండు?"

సుగుణమ్మ కిటికీ బయటి గోడ వైపు చూసింది.

"రాయి అడ్డంపడిన కొడుకును ప్రాణం మీదికొచ్చాక తెచ్చాడు. నిన్న ఆ గోడ చాటునే వాణ్ణీ కూర్చోబెట్టి నీళ్లు పోశాడు; వాడికి రాలేదు, వాడి శవాన్ని తీసుకుపోయే బండి వచ్చేదాకా ఇవాళ నీ దగ్గరున్నాడు."