నాంచారయ్య మోకాలు

"ఆ ఇసుక సంచి అలా మూలన పడేశారేం బాబుగారూ?"

ఎండురొయ్యల గంప దించుతూనే అడిగాడు, ఎన్నడూ చూడని మనిషి.

అరుగు మీద కాలు చాపుకు కూర్చున్న నాంచారయ్యకి ఒళ్ళు మండింది.

"రొయ్యలమ్మడానికొచ్చావా, నా కాలు చూడ్డానికొచ్చావా?"

చల్లపల్లి చెడుగుడు జట్టుకి పెద్ద దిక్కు నాంచారయ్య. నలభై దాటినా, కూత పెట్టి గీత దాటాడంటే ఎదుటివాళ్ళు బెదిరేవారు. పోయిన మోపిదేవి తిరునాళ్ళలో హంసలదీవి జట్టు పడుచువాడు గంగాధరం అతని కాలు ఒడిసి పట్టాడు. మోకాలు మెలిపడి, కీలుని పట్టి ఉంచే నరం సాగిపోయింది.

బందరు దొర డాక్టరు కట్టు కట్టి మరీ చెప్పాడు.

"కట్టు విప్పాక చీలమండకి ఇసుక సంచి కట్టుకుని రోజూ కాలెత్తాలి. తొడ బలపడితేనే మోకాలు నిలుస్తుంది. ఈ వయసులో ఆలస్యమవుతుంది. మానొద్దు."

నాంచారయ్య మానేశాడు. బరిలో సింహమే గాని, నొప్పి దగ్గర పసిపిల్లాడు. భార్య వీరమ్మ చెప్పీ చెప్పీ ఊరుకుంది.

ఇప్పుడీ రొయ్యలవాడు వచ్చి సంచి అందుకున్నాడు. పేరు అప్పయ్యట.

"ఏ ఊరన్నా మనది?" అడిగింది వీరమ్మ.

"కింద ఊళ్ళమ్మా" అంటూ తనే కాలికి సంచి కట్టాడు. "ఎత్తండి బాబూ."

"నా వల్ల కాదు."

"నేను పట్టుకుంటాగా. ఎత్తండి."

పులిగడ్డ రేవు దాటి వచ్చినప్పుడల్లా ఇదే వరస. సరుకు అమ్ముడైనా కాకపోయినా ఆ అరుగు దగ్గర ఆగేవాడు.

కాలెత్తినంతసేపూ నాంచారయ్య గంగాధరాన్ని తిట్టిపోసేవాడు.

"వాడి చేతులు పడిపోనూ! వాడు బాగుపడడయ్యా!"

"ఆ కోపంతోనే ఇంకొక్కసారి ఎత్తండి" అనేవాడు అప్పయ్య, తల వంచుకుని.

కాలు లేచింది. నడిచింది. చివరికి కాలవగట్టు మీద పరుగూ తీసింది.

ఆ తరవాత అప్పయ్య రాలేదు.

"ఒక్కపూట ఆయనకి అన్నమన్నా పెట్టలేదే" అని వీరమ్మ నొచ్చుకుంది.

మళ్ళీ తిరునాళ్ళొచ్చాయి. మోకాలికి గుడ్డ బిగించి బరిలో దిగాడు నాంచారయ్య. ఎదుటి జట్టులో గంగాధరం లేడు.

"ఏడీ వాడు? భయపడ్డాడా?"

"ఆనాటి నుంచీ వాడు ఆట ముట్టుకోలేదండీ" అన్నాడు హంసలదీవి నాయకుడు. "మీ కాలు తన చేతిలోనే పోయిందని కుమిలిపోతున్నాడు. అడుగో, మిమ్మల్ని చూడ్డానికే వచ్చాడు."

జనంలో తల దించుకు నిలబడ్డ కుర్రవాణ్ణి చూడగానే నాంచారయ్యకి జాలేసింది. ఏడాది కోపం ఎటు పోయిందో!

"రారా! వచ్చి పట్టుకో!" అని తొడ చరిచి కూత అందుకున్నాడు.

కుర్రవాడు కదల్లేదు.

"వెళ్ళరా నాయనా, బాబుగారి కాలు గట్టిపడింది, నేను దగ్గరుండి చూశాగా" అంటూ కొడుకుని బరిలోకి తోస్తున్న అప్పయ్యని చూసేసరికి నాంచారయ్య కూత గొంతులోనే ఆగిపోయింది.