రాయబారి చావు

ఫోన్లో ఎవరో ఒక హత్య గురించి మురిసిపోతూ మాట్లాడుతున్నారు. దేవుడి ముందు వత్తి వేస్తున్న సమ్మవ్వ తల తిప్పి కోడలి వైపు చూసింది.

"అక్కా, రాయబారి చచ్చే పేజీ చదువుకుంట పొయ్యి మీద పాలు మర్చిపోయిన. ఆ తూటా చప్పుడు ఇంకా నా చెవులల్లనే ఉన్నది!"

జ్యోతినగర్ నుంచి తిరుమల అనే టీచరమ్మ.

"పాలు మాడగొట్టింది నేనే అని మీ ఆయనకు చెప్పు చెల్లే," అని నవ్వి సంధ్యారాణి ఫోన్ పెట్టేసింది. చూపు మాత్రం గేటు మీదే ఉంది.

సమ్మవ్వ కోడలు రాసిన మొదటి నవల అది. ఏవో రెండు దేశాలు, వాటి మధ్య యుద్ధం ఆపాలని తిరిగే ఒక రాయబారి, పదవి కోసం అతన్ని చంపే ప్రాణస్నేహితుడు. పేజీకొక పీనుగ. చనిపోయిన భర్త ఉద్యోగం చేసుకుంటూ గోదావరిఖని దాటని మనిషి ఇదంతా ఎలా రాసిందని కాలనీలో ఒకటే చర్చ.

మందమర్రి నుంచి సదయ్య అనే పెద్దాయన పనిగట్టుకుని వచ్చాడు.

"బిడ్డా, ఎన్నడన్న ఇమానమెక్కినవా?"

"బస్సెక్కితేనే కడుపుల తిప్పుతది కాకా."

"మరి ఆ గోళ్ళు పీకుడు, బొక్కలిరుసుడు గట్ల ఎట్ల రాసినవే? నాకు బువ్వ సయించలే." చాయ్ తాగి, లేస్తూ అడిగాడు. "ఇంకోటి ఎప్పుడు రాస్తవ్?"

నవల అచ్చు వేసిన పక్కింటి మన్సూర్ గోడ మీది నుంచే ఎగతాళి చేశాడు. "భాభీ, కాపీలన్ని కట్టినంక మళ్ళ ఒక్కదాని కోసం మిషన్ ఎక్కిపిచ్చిన్రు. గసోంటి గిరాకీ మీరొక్కలే."

"మనసుకు నచ్చలే భాయ్. దిద్దుకున్న."

రోజూ సాయంత్రం కోడలు చదువుతుంటే సమ్మవ్వ నవలంతా విన్నది. విని, ఉండబట్టలేక అడిగింది.

"పొద్దున లేస్తే దీపం పెట్టే చెయ్యి. దానితోని గింత నెత్తురెందుకు బిడ్డా?"

"ఊరంత చదవాలని రాయలే అత్తమ్మా. ఒక్కలు చదివితే చాలు."

పోయిన మొగుణ్ణి తలుచుకుంటోంది కాబోలు అనుకుంది సమ్మవ్వ. ప్రశాంత్‌కు పుస్తకాలంటే ప్రాణం.

రెండేళ్ళ కిందట ప్రశాంత్ పాత ఓపెన్‌కాస్టు బొగ్గు గని గుంత నీళ్ళలో మునిగి చనిపోయాడు. గోదావరి ఈదినవాడు గుంతలో ఎలా మునిగాడు? సమ్మవ్వ రోజూ దేవుణ్ణి అడిగే మాట అదొక్కటే. కడసారి స్నానం చేయిస్తున్నప్పుడు కొడుకు మెడ చుట్టూ నల్లటి గీత కనబడింది. "నాచు తీగ చుట్టుకున్నది అవ్వా," అన్నాడు శవాన్ని పైకి తెచ్చిన లింగమూర్తి. ప్రశాంత్ మెడలో ఎప్పుడూ ఉండే రుమాలు దొరకనే లేదు.

లింగమూర్తి ప్రశాంత్ జిగిరీ దోస్తు. ప్రశాంత్‌కు రావలసిన యూనియన్ పదవి తర్వాత అతనికే వచ్చింది. కోడలి ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ అతనే. సమ్మవ్వ అతన్ని కొడుకా అనే పిలిచేది. నవల రాగానే సంధ్యారాణి తనే వెళ్ళి ఒక కాపీ అతనికి ఇచ్చి వచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం లింగమూర్తి చెప్పులు విడవకుండా లోపలికి వచ్చాడు.

"చదివినవా అన్నా?" అంటూ లేచింది సంధ్యారాణి.

పుస్తకం ఆమె మొహాన పడింది. దాని వెనకే చెయ్యి పడింది.

"ఎవడు చెప్పిండే నీకు?"

జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. ప్రశాంత్ ఫొటో కింద పడి పగిలింది. డొక్కలో తన్నాడు. ముక్కు నుంచి కారిన నెత్తురు దేవుడి ముందటి ముగ్గును తడిపేసింది. సమ్మవ్వ పాకుతూ వెళ్ళి అతని కాళ్ళు పట్టుకుంది.

"కొడుకా, అది కథరా! ఆడిపిల్లరా, సస్తది ఇడువు!"

అతను ముసలిదాన్ని ఒక్క తన్నుతో అవతల పారేశాడు. రెండు చేతులతో సంధ్యారాణి గొంతు పట్టాడు. ఆమె కళ్ళు తేలిపోతున్నాయి. అరవలేదు. కొంచెం గాలి చిక్కినప్పుడు అడిగింది.

"ఏ... సంగతి అన్నా?"

"రుమాల్ సంగతి! ఎనుక నుంచి మెడకు రుమాలేసి బిగిచ్చుడు, కాళ్ళతోని నీళ్ళల్ల తొక్కి పట్టుడు! గుంతకాడ నేను, వాడు, ఇద్దరమే ఉంటిమి. మూడోవాడెవడు చూసిండు? చెప్పు!"

కేకలకు ఉరికివచ్చిన జనం గడపలో ఉన్నారు. ముందు మన్సూర్. లింగమూర్తి వాళ్ళను చూశాడు. చేతులు వదులయ్యాయి.

"నవల... నవల ముచ్చటే అంటున్న. అండ్ల ఉన్నదే. రాయబారిని సంపుడు. మీరు సుత చదివిన్రు గద!"

ఇద్దరు ముందుకొచ్చి అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. మన్సూర్ వంగి నెత్తురంటిన పుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి, తలెత్తి సంధ్యారాణి వైపు చూశాడు.

ఆమె పగిలిన ఫొటోను కొంగుతో తుడుస్తోంది.

సమ్మవ్వ సాయంత్రాలు విన్న నవలలోనూ, ఊరంతా చదివిన నవలలోనూ రాయబారి తుపాకీ తూటాకే చచ్చాడు. రుమాలూ నీళ్ళూ ఉన్నది మన్సూర్ మళ్ళీ మిషన్ ఎక్కించిన ఆ ఒక్క కాపీలోనే.