గడ్డి కూరిన దూడ

దొడ్లోకి తొంగి చూశావుగా, ఏం కనబడిందో చెప్పు! పాల కోసం చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి నిలబెడితే, బతికే ఉందనుకుని దాన్ని నాకుతున్న పిచ్చి గేదె, అంతేనా? సరిగ్గా చూడు.

దూడ పోయినప్పటినుంచి ఆ గేదె మేత ముట్టలేదు. డొక్కలు లోపలికి పోయాయి.

గోడ మీది పుంజు ఊరుకోలేదు. "ఏమే పిచ్చిదానా, అది ఉత్త గడ్డి! దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడు. నమ్మకమున్నవాళ్ళు ఇలా ఏడుస్తూ కూర్చోరు."

"గడ్డి అని నాకూ తెలుసయ్యా," అంది గేదె. "వాసన మాత్రం నా బిడ్డదే. నాకు ఇన్ని పాలిచ్చి, తాగే నోటిని ఎందుకు తీసుకుపోయాడో ఆ దేవుణ్ణే అడిగి చెప్పు."

పుంజు గోడ దిగి అవతలికి పోయింది.

అప్పుడు దొడ్డి ఆ చివరనుంచి ముసలి గొర్రె కుంటుకుంటూ వచ్చింది. అదీ పిల్లల్ని పోగొట్టుకున్నదే. గేదె పక్కన నిలబడి, ఆ గడ్డి దూడ చెవిని తనూ నాకింది.

"ఎంత మెత్తని చెవులే తల్లీ, నీ బిడ్డవి!" అంది.

గేదె బావురుమంది. ఏడ్చి ఏడ్చి, పొద్దుగూకేలోపు మేతలోంచి రెండు గడ్డిపరకలు నమిలింది.

దేవుడు ఆ దూడని ఎందుకు తీసుకుపోయాడో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాణ్ణి నేను నమ్మను. కానీ ఆ కుంటి గొర్రెని అంతదూరం నడిపించిందెవరు?