స్పేరు చక్రాలు

చీకటి పడ్డాక దయాసాగర్, తెల్లారి మద్రాసు బైకు రేసుకు బయల్దేరాలని హెల్మెట్టు, గ్లౌజులు, పానాల సంచీ, రెండు స్పేరు చక్రాలు జీపులోకి ఎక్కించి తాళ్లతో బిగించాడు.

"బండికైతే స్పేరు చక్రాలుండాయి. నీకు స్పేరేదిరా?" అంది తల్లి రూతమ్మ.

"భయపడేదానికి నువ్వుండావు గదమ్మా!" అని నవ్వి, వసారాలో మంచమెక్కి నిద్రపోయాడు.

రూతమ్మకు నిద్ర రాలేదు. ఉదయగిరంతా సద్దుమణిగాక జీపు దగ్గర ఠంగుమని చప్పుడైంది. కాసేపటికి మళ్లీ ఠంగుమంది. ఆమె గుండెల్లో ఏదో తియ్యగా కదిలింది. లారీ నడిపిన రోజుల్లో భర్త శీనయ్య, లోడుతో బయల్దేరే ముందు జాకీ రాడ్‌తో ఒక్కో చక్రాన్నీ ఇలాగే కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. మంచి చక్రం ఠంగుమనేది. దబ్బుమన్నదాన్ని రోడ్డెక్కనిచ్చేవాడు కాదు.

"విను మే, అదే చెప్తాది" అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

రెండు చక్రాలూ బాగున్నాయన్నమాట. ఆమె ఊపిరి పీల్చుకుని కళ్లు మూసుకుంది.

మూడో దెబ్బ జీపు దగ్గర పడలేదు. కొడుకు పడుకున్న మంచం దగ్గర పడింది.

దబ్బుమంది.

రూతమ్మ లేచి, జీపు తాళాలు కొంగున ముడేసుకుంది.

"విన్నాలేయ్యా. పంపను" అంది చీకట్లోకి.

చీకట్లో ఎవరో ఇనుప రాడ్‌ను మెల్లగా నేల మీద పెట్టారు.