ఇన్‌స్పెక్టర్ వచ్చేదాక

“గేటు పలగ్గొట్టుర్రి!”

గుమ్మడిదల దగ్గరి మందుల ఫ్యాక్టరీ ముందు పరంజ్యోతి కేక వేశాడు. అక్కడి కార్మికుల నాయకుడు అతనే.

తెల్లవారుజాము షిఫ్టులో ట్యాంకు మీద పట్టుకునే కడ్డీ విరిగి, శ్రావణ్‌కుమార్ అనే కొత్త పిల్లవాడు కిందపడి చనిపోయాడు. కడ్డీ తుప్పు పట్టిందని కార్మికులు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. కంపెనీకి చెవులుంటే కదా!

గుంపు కదిలేలోపు ఒక పెద్దాయన వచ్చి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. ఎవరూ ఎరగని ముఖం.

“ఆగుర్రి. పగటీలి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తడంట. ఇరిగిన కడ్డీని ఆయన కండ్లతోని సూడనియ్యుర్రి.”

“ఆలోపల కంపెనోళ్లు కొత్త కడ్డీ పెడితే?”

“గేటు కాడ్నే కూసుందాం. వెల్డింగోన్ని పోనియ్యొద్దు. మనం గూడ పోవద్దు. మీరు పోయి నాలుగు పలగ్గొడితే, ఆ కడ్డీ గూడ మీరే ఇరగ్గొట్టిండ్రంటరు.”

మాట సబబుగానే ఉంది. అది పరంజ్యోతికీ తెలిసింది. కానీ వెనక అంతమంది చూస్తున్నారు. ఇప్పుడు తగ్గితే పిరికివాడంటారేమోనని భయం. ఆ భయమే కోపమై తన్నుకొచ్చింది.

“నువ్వెవనివి మాకు చెప్పనీకి?”

“ఎవన్నైతే ఏంది? ముందుగాల నీ కోపం దించుకో బిడ్డా.”

“కాంట్రాక్టర్ మనిషే!” వెనకనుంచి ఎవరో అరిచారు.

ఇక అంతే. ఆ చుట్టుపక్కల సమ్మె జరిగితే చాలు, కాంట్రాక్టర్లు తమ ఊరివాళ్లను తెచ్చి గేట్ల ముందు నిలబెడతారు. అందుకే కొత్త ముఖం కనిపిస్తే ఎవరూ రెండో మాట అడగరు.

“జరుగు!”

“జరగ. కొడితే కొట్టుర్రి.”

పరంజ్యోతి ఆయన చొక్కా పట్టి లాగేశాడు. పెద్దాయన పడ్డాడు, లేచాడు, మళ్లీ వచ్చి అక్కడే నిలబడ్డాడు. ఈసారి నలుగురు కలిసి ఎత్తి రోడ్డు పక్కన పడేశారు.

“మీ కోపం కంపెనోనికే పనికొస్తది!” అని అక్కణ్నించే అరిచాడు.

వినే ఓపిక ఎవరికుంది? గేటు విరిగింది. అద్దాలు, పైపులు, కడ్డీలు, చేతికందినవన్నీ విరిగాయి.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మేనేజర్ ఎంతో మర్యాదగా అంతా తిప్పి చూపించాడు.

“పొద్దున అన్నీ బాగానే ఉన్నాయి సార్. వీళ్లే విరగ్గొట్టారు.”

పరంజ్యోతి చుట్టూ చూశాడు. ఇన్ని విరిగిన కడ్డీల మధ్య, ముందు విరిగింది ఏదని చూపిస్తాడు?

సాయంత్రం సంగారెడ్డి ఆస్పత్రికి వెళ్లాడు. శవాల గది ముందు బల్ల మీద ఆ పెద్దాయనే కూర్చుని ఉన్నాడు. చూడగానే పరంజ్యోతికి ఒళ్లు మండింది.

“శవం కాడికి గూడ వచ్చినవా? సిగ్గులేదా నీకు?”

పెద్దాయన తలెత్తి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తడి లేదు.

అప్పుడే లోపలినుంచి కానిస్టేబుల్ వచ్చాడు.

“శ్రావణ్‌కుమార్ తండ్రి ఎవరయ్యా?”

“గప్పుడే చెప్తే మీరు ఇంకింత మండుదురని చెప్పలే. అయినా కంపెనోన్ని ఇడిచేది లేదు, రేపు కడ్డీ తుప్పు సంగతి సాక్ష్యం చెప్పనీకి రా,” అంటూ పెద్దాయన లేచి, కొడుకును చూడటానికి లోపలికి నడిచాడు.