చివరిదాకా చూడండి

ఈ కళ్ళద్దాలొచ్చాక వీడియోల్నే కాదు, మనుషుల్నీ స్వైప్ చేసేయొచ్చు. వేలు పైకి ఆడిస్తే ఎదుటివాళ్ళు మాయమై అద్దాల్లో నేను చూసే సిరీస్ వచ్చేస్తుంది. మా కాలేజీలో అందరం అంతే. నిన్న నాన్న ఏదో చెప్పబోతే కూడా స్వైప్ చేశాను.

ఇవాళ పొద్దున దోసె వేస్తూ నాన్న ఉన్నట్టుండి చేతులూపాడు. "హాయ్ లాస్యా! ఇది వింటే షాకవుతారు! చివరిదాకా చూడండి!"

నవ్వాగలేదు. "నన్ను మీరంటావేంటి నాన్నా? ఏంటీ గోల?"

"మొదట్లోనే ఆకట్టుకోకపోతే స్వైప్ చేసేస్తావుగా తల్లీ. వీడియోలు చూసి నేర్చుకున్నా."

చచ్చేంత సిగ్గేసింది. అద్దాలు తీసి బల్లమీద పెట్టాను. "స్వైప్ చెయ్యను. చెప్పు నాన్నా."

నాన్న స్టవ్ ఆపాడు. గొంతు మామూలైంది. "మొన్న ఆసుపత్రిలో డాక్టరు ఏమన్నాడంటే..."

అక్కడే తనంతట తనే ఆగి, నా వేలి వంక చూశాడు.